అక్క అడిగిన ఒకే ఒక్క ప్రయాణం

టాక్సీ స్టాండులో అతన్ని అందరూ కరెంటు బాబాయి అనేవారు. డీజిలు బండ్లు వరసగా నిలబడి పొగలు కక్కే ఆ స్టాండులోకి మొట్టమొదట కరెంటు కారు తెచ్చినవాడు అతనే. స్టార్టు చేస్తే చప్పుడు ఉండదు. కొత్తలో తోటి డ్రైవర్లు బానెట్ మీద చెవి ఆనించి, "బాబాయ్, బతికే ఉందా ఇది?" అని ఆటపట్టించేవారు. "నీ బండిలా మూలగదురా, పని చేస్తుంది," అనేవాడు అతను. కారు మాట ఎవరు కదిపినా చాలు, ఇక అతన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. టీ చల్లారిపోయేది, బేరాలు పోయేవి, మాట మాత్రం తెగేది కాదు.

ఆ కారు ఎందుకు కొన్నాడో మాత్రం స్టాండులో ఎవరికీ చెప్పలేదు. అక్క కోసం కొన్నాడు.

అమ్మానాన్నలు ఒకరి వెంట ఒకరు పోయేనాటికి అతను నిక్కర్లు వేసుకునే పిల్లాడు. అక్క అప్పుడే బడి చదువు ముగించింది. ఆ పై చదువు ఊసెత్తకుండా వెళ్ళి చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. ఆమెది కాలర్ల సెక్షను. పొద్దున బెల్లు మోగింది మొదలు సాయంత్రం బెల్లు మోగేదాకా కాలర్లే. పూర్తి చొక్కా కుట్టే అవకాశం అక్కడ ఆమెకి ఎన్నడూ రాలేదు. ఆ ముచ్చట ఇంట్లో తమ్ముడి చొక్కాల మీద తీర్చుకునేది. అలాగే వాణ్ణి పెంచింది, బడికి పంపింది, చదువు అబ్బకపోతే డ్రైవింగు నేర్పించింది, పిల్లని చూసి పెళ్ళి చేసింది. తను మాత్రం చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అతను ఏనాడూ అడగలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చూస్తున్న గోడని, ఇక్కడెందుకు ఉన్నావని ఎవరడుగుతారు?

ఫ్యాక్టరీలో అన్నేళ్ళు పీల్చిన నూలు దుమ్ము ఆమె ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. పొగ సోకితే చాలు దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. అతను డ్యూటీ దిగి వస్తే చొక్కాకి పట్టిన డీజిలు వాసన కూడా ఆమెకి పడేది కాదు. గుమ్మం బయటే చొక్కా విప్పి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేవాడు. చివరికి ఓ రోజు పాత బండి అమ్మేసి, కరెంటు కారుతో ఇంటి ముందు ఆగాడు. అక్క దాని చుట్టూ తిరిగి చూసి, "వాసనే లేదురా!" అంది. ఆ ఒక్క మాటకి పొంగిపోయాడు.

ఊళ్ళో తిరుగుళ్ళకి ఆ కారుతో ఏ ఇబ్బందీ లేదు. ఇంటి గోడకి పెట్టించిన ప్లగ్గులో గుచ్చి పడుకుంటే తెల్లారేసరికి సిద్ధంగా ఉండేది. దూరపు బేరాలు అతను ఒప్పుకునేవాడు కాదు, అవసరమూ పడలేదు.

ఒకనాడు అతను భోంచేస్తుంటే అక్క వంటింటి గుమ్మంలో నిలబడి, చేతులు తుడుచుకున్నవే మళ్ళీ తుడుచుకుంటూ, "ఒరే, రేపు నేనొక చోటికి వెళ్ళాలిరా," అంది. ఒక ఊరి పేరు చెప్పింది. ఎన్నడూ వాళ్ళింట్లో వినపడని ఊరు. "తెలిసినవాళ్ళు ఉన్నారు. ఒంట్లో బాగాలేదట. ఒకసారి చూసి వచ్చేస్తా. పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నానికల్లా దిగిపోతాను."

"బస్సా? ఆ పొగలో నువ్వు అంత దూరం వెళ్తావా? కారు పెట్టుకుని అక్కని బస్సెక్కించానంటే నలుగురూ నా మొహాన ఉమ్మేస్తారు."

"నీ పని పాడవుతుందేమో."

"పనీ లేదు, పాడూ లేదు. నేను తీసుకెళ్తా."

అన్నం వడ్డిస్తున్న భార్య కూడా అందుకుంది. "వదిన నోరు తెరిచి అడగడం నేనొచ్చాక ఇదే మొదటిసారి. జాగ్రత్తగా తీసుకెళ్ళి తీసుకురండి."

ఆ రాత్రి అతను ఫోనులో మ్యాపు తెరిచి చూసుకున్నాడు. దారి పొడుగునా ఛార్జింగ్ స్టేషన్లున్న చోటల్లా పచ్చచుక్కలు. వాటిని చూసుకుని గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయాడు.

పొద్దున అక్క ఇస్త్రీ బట్టలు కట్టుకుంది. బీరువాలో ఎప్పుడూ మడతలోనే ఉండే ఆకుపచ్చ శాలువా తీసి కప్పుకుంది. కారెక్కాక, అతను చూడట్లేదనుకుని, ముందున్న అద్దం తనవైపు తిప్పుకుని తల సవరించుకుంది.

"బాగానే ఉన్నావులే అక్కా," అన్నాడు నవ్వుతూ.

"నోర్మూసుకుని రోడ్డు చూడు," అంది ఆమె, అద్దం ఠక్కున మళ్ళీ అటు తిప్పేసి.

సగం దూరం దాటేదాకా ప్రయాణం వెన్నలా సాగింది. మొదటి ఛార్జింగ్ స్టేషను ఒక హోటలు వెనక ఉంది. రెండు మెషిన్లు. ఒకదానికి తలనుంచి కాళ్ళదాకా ప్లాస్టిక్ సంచీ చుట్టి తాడు కట్టేశారు. రెండోదానికి ఒక నీలం కారు తగిలించి ఉంది. దాని ఛార్జింగు ఎప్పుడో నిండింది, కారులో మాత్రం మనిషి లేడు. అతను హోటల్లోకి వెళ్ళి బల్ల బల్లకీ అడిగి ఆ కారాయన్ని పట్టుకున్నాడు. భార్యాపిల్లలతో కూర్చుని తింటున్నాడు ఆయన.

"అయిపోయింది బాబూ, వచ్చేస్తున్నా," అన్నాడు ఆ పెద్దమనిషి, ఇంకో ప్లేటు తెమ్మని సర్వరుకి సైగ చేస్తూ.

అతను అక్కడే నిలబడబోతే, వెనకాలే వచ్చిన అక్క చెయ్యి పట్టుకుని లాగింది. "పిల్లలు తింటున్నార్రా. తినేవాళ్ళ నెత్తి మీద నిలబడకూడదు."

పిల్లలు తిన్నారు. ఐస్‌క్రీములు అడిగారు. అవీ తిన్నారు. అతను కాలుగాలిన పిల్లిలా కారు చుట్టూ తిరిగాడు. ఎట్టకేలకు నీలం కారు కదిలాక తన కారు పెట్టి ఛార్జింగు గన్ను తగిలిస్తే, మెషిను తన కంపెనీ యాప్ ఉంటే తప్ప పని చెయ్యనంది. దింపుకున్నాడు. ఫోన్ నంబరు అడిగింది, ఇచ్చాడు. ఓటీపీ పంపానంది, రాలేదు. మళ్ళీ అడిగితే రెండు వచ్చాయి, రెండూ చెల్లవంది. మూడోదానికి ఒప్పుకుని, తెర మీద చక్రం కాసేపు తిప్పి, "ఛార్జింగ్ ప్రారంభం కాలేదు" అని ఎర్రక్షరాల్లో చూపించింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే కాబోలు అనుకుంటూ కస్టమర్ కేర్‌కి చేశాడు. ఒకమ్మాయి ఎంతో మర్యాదగా మెషిను నంబరు అడిగింది. "ఇక్కణ్ణుంచి రీస్టార్ట్ చేస్తున్నాను సార్, లైన్లో ఉండండి," అంది. సంగీతం వచ్చింది. సంగీతం మధ్యలో లైను తెగిపోయింది.

అక్క ఫోను మోగింది. కాస్త దూరంగా వెళ్ళి మాట్లాడి వచ్చింది. "ఎక్కడిదాకా వచ్చామని అడుగుతున్నార్రా."

"వచ్చేస్తున్నామని చెప్పు. ముందు ఇంకోటి ఉంది, మ్యాపులో పచ్చగా చూపిస్తోంది. ఇది పోతే పోయింది."

ఆ ఇంకోటి ఒక మూతపడ్డ షోరూము ఆవరణలో ఉంది. అక్కడ మెషిన్లు వెలుగుతూనే ఉన్నాయి, కానీ వాటి కేబుళ్ళు లేవు. రాగి కోసం ఎవరో కోసుకుపోయారు. మొండి చేతుల్లాగా రెండు ముక్కలు వేలాడుతున్నాయి. అతను వాటిని చూశాడు, చేతిలో ఫోను చూశాడు. ఫోనులో చుక్క ఇంకా పచ్చగానే ఉంది.

"అక్కా, రోడ్డు మీదికెళ్ళి నిన్ను ఏదో ఒక బస్సు ఎక్కించేస్తా."

"వద్దులే. కలిసి బయల్దేరాం, కలిసే వెళ్దాం," అంది. కారెక్కుతూ, "నువ్వు కూడా ఆయన్ని చూస్తే బాగుంటుందిరా," అంది. ఆ మాట అప్పుడతని చెవికెక్కలేదు. బ్యాటరీ ఎంత మిగిలిందో, మూడో స్టేషను ఎంత దూరముందో లెక్కేసుకునే పనిలో ఉన్నాడు.

ఏసీ ఆపేశాడు. అద్దాలు దించితే లారీల పొగ, ఎత్తితే ఉక్క. ఎత్తుతానంటే అక్క వద్దంటుంది, దించితే దగ్గుతుంది. ప్రాణాలు ఉగ్గబట్టుకుని రోడ్డు వారగా తాబేలులా నడిపాడు. వెనకనుంచి లారీలు చెవులు చిల్లులు పడేలా హారన్లు కొడుతూ దాటిపోతున్నాయి. తను తిట్టుకునేవన్నీ పళ్ళ బిగువునే తిట్టుకున్నాడు.

పెద్దరోడ్డు వదిలి లోపలికి పోతే, ఒక ప్రభుత్వ కార్యాలయం వెనక రేకుల షెడ్డులో మూడో స్టేషను దొరికింది. అక్కడున్న ఒక్క మెషినూ పని చేసింది. చేసిందంటే, దాని ఇష్టం వచ్చినట్టు చేసింది. పాత మెషిను. చిల్లుకుండలోంచి నీళ్ళు కారినట్టు చుక్క చుక్క చొప్పున ఎక్కిస్తోంది. పక్కనే ఒక చెక్కబల్ల ఉంటే అక్కాతమ్ముళ్ళిద్దరూ దాని మీద కూలబడ్డారు. సంచీలోంచి అరటిపళ్ళు తీసి అతనికొకటి ఇచ్చి, తనొకటి తీసుకుని, ఒలవకుండా చేత్తో పట్టుకుని కూర్చుంది అక్క.

మళ్ళీ ఫోను. ఈసారి ఆమె దూరం వెళ్ళలేదు. "దారిలోనే ఉన్నామమ్మా... ఆఁ, ఇవ్వు." ఒక క్షణం ఆగి, గొంతు సవరించుకుంది. "నేనే. వస్తున్నాను. తమ్ముడు తీసుకొస్తున్నాడు. కారుకి కరెంటు పెట్టుకుంటున్నాం. కాస్త ఆగండి." అవతల ఏమన్నారో, తల వంచుకుని నవ్వింది. ఫోను పెట్టేశాక దాన్ని ఒళ్ళో పెట్టుకుని, "గొంతు అలాగే ఉంది," అంది, ఎవరితోనో అన్నట్టు.

అప్పుడు అతను అక్క మొహం వైపు తిరిగాడు. "ఎవరక్కా ఆయన?"

"మా ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు," అంది. అక్కడితో ఆగుతుందనుకున్నాడు. ఆగలేదు. "మధ్యాహ్నం బెల్లయ్యాక కాలర్ ముక్కలు తనే తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. అది ఆయన పని కాదు. ముక్కలు మోయడానికి వేరే మనుషులుండేవాళ్ళు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని."

"అడిగాడా నిన్ను?"

"అడిగాడు. మా తమ్ముడు ఒక దారికి వచ్చేదాకా ఆగమన్నా. సరేనన్నాడు. నువ్వేమో పదో క్లాసు తప్పావు. ఇంకో ఏడాది ఆగమన్నా. మళ్ళీ తప్పావు." ఆమె నవ్వింది. నిజంగానే నవ్వింది. "ఆయనకి నీ మార్కులన్నీ తెలుసురా. 'ఈసారి లెక్కల్లో ఎన్నొచ్చాయి మీ వాడికి?' అని అడిగేవాడు, దిగులుగా. తర్వాత వాళ్ళమ్మ మంచాన పడింది. ఇంట్లో ఒత్తిడి ఎక్కువైంది. ఆఖరిసారి వచ్చి అడిగాడు. అప్పుడు నువ్వు లైసెన్సు టెస్టులో పోయి, అన్నం మానేసి, దుప్పటి ముసుగేసుకుని పడుకున్నావు. నిన్నా స్థితిలో వదిలి ఏం చెప్పను? చేసుకోండి అన్నా."

అతనికి ఆ దుప్పటి గుర్తుంది. ముసుగులోంచి వంటింట్లో అక్క అలికిడి విన్నట్టు కూడా గుర్తుంది. అక్క ఆ రోజు ఫ్యాక్టరీనుంచి ఏం మోసుకొచ్చిందో మాత్రం ఇప్పుడే తెలిసింది.

"నాకు చెప్పుండొచ్చు కదక్కా."

"చెప్తే ఏం చేసేవాడివి? ఇంకో రెండు పూటలు అన్నం మానేసేవాడివి." పండు తిరిగి సంచీలో పెట్టేసింది. "ఆయన చేసుకున్న మనిషి మంచిదట. పోయిన ఏడు పోయింది పాపం. అప్పట్నుంచీ ఆయనకీ బాగాలేదు. మొన్న వాళ్ళమ్మాయి ఎక్కడ సంపాదించిందో నా నంబరు సంపాదించింది. నాన్న మిమ్మల్ని ఒకసారి చూడాలంటున్నారు అంది. వస్తానమ్మా అనేశాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు చూడు నేను!" తన తెగువకి తనే ఆశ్చర్యపోతున్నట్టు ఉందామె మొహం.

అతను లేచాడు. మెషిను దగ్గరికి వెళ్ళి చూశాడు. అంకె ఉన్నచోటే ఉన్నట్టుంది. దాన్ని ఒక్క గుద్దు గుద్దాడు. గేటు దగ్గర వాచ్‌మన్ దగ్గరికి పరుగెత్తి, "ఇక్కడ టాక్సీ దొరుకుతుందా? డీజిలుదో పెట్రోలుదో, ఏదైనా సరే," అన్నాడు. కారు అక్కడే వదిలేద్దాం, అక్కని వెంటనే తీసుకుపోదాం. ఈ బుద్ధి పొద్దున్నే ఎందుకు పుట్టలేదు? వాచ్‌మన్ తెలిసినతనికి ఫోన్ చేసి పిలిచాడు. బండి వచ్చేసరికి కొంత సేపు పట్టింది. రోడ్డు మలుపులో అది కనపడగానే అతను చెయ్యి ఊపుతూ వెనక్కి తిరిగి, "అక్కా, రా రా!" అని కేకేశాడు.

అక్క బల్ల మీదనుంచి లేవలేదు. ఫోను చెవి దగ్గరే ఉంది. "అవునమ్మా... అవునమ్మా..." అంటోంది. "ఏడవకమ్మా. నువ్వు దగ్గరున్నావు కదా. అదే చాలు."

టాక్సీ వచ్చి ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి, "ఎక్కడికండీ?" అని అడిగాడు.

అతను డ్రైవరుకి ఆగమని సైగ చేశాడు. అక్కడికి వెళ్ళాలో వద్దో తెలియక అక్క వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"వెళ్దామక్కా," అన్నాడు పక్కన కూర్చుని. "ఇంతదూరం వచ్చాం. ఆఖరి చూపైనా..."

"ఎవర్నని వెళ్ళనురా?" అంది అక్క. గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది. "బతికుండి పిలిచాడు కాబట్టి బయల్దేరాను. ఇప్పుడక్కడ ఆయనవాళ్ళందరూ ఉంటారు. మీరెవరండీ అంటే ఏం చెప్పను? కాలర్లు కుట్టేదాన్నని చెప్పనా?"

టాక్సీ వెనక్కి వెళ్ళిపోయింది. మెషిను తన పని తను చేసుకుపోతోంది. ఇప్పుడు తొందరేమీ లేదు గనక వాళ్ళు అక్కడే కూర్చున్నారు. అంతలో అతని ఫోను మోగింది. పొద్దుటి కస్టమర్ కేర్ అమ్మాయే.

"సార్, మీరు చెప్పిన సమస్య పరిష్కారమైంది. మెషిన్ ఇప్పుడు పనిచేస్తోంది. మా సేవకి ఎన్ని స్టార్లు ఇస్తారు సార్?"

"స్టార్లా! ఏమ్మా, మీకు..." అని మొదలుపెట్టాడో లేదో, అక్క అతని చేతిలోంచి ఫోను తీసుకుంది. "నీ తప్పేం లేదమ్మా. నువ్వు బాగానే మాట్లాడావు. ఉంటాను," అని పెట్టేసింది.

తిరుగుదారిలో మళ్ళీ ఆ హోటలు వెనకే ఆగాల్సి వచ్చింది. ఆ మెషిను ఈసారి గన్ను తగిలీ తగలకముందే గుర్రుమంటూ మొదలుపెట్టింది. అతను దానికి వీపు పెట్టి నిలబడ్డాడు. కారులో కూర్చున్న అక్క, అడగకుండానే చెప్పింది. "నేను మాట్లాడాక నవ్వాడటరా. 'ఆవిడ ఆగమంది, ఆగాలి మరి, నాకది అలవాటే' అన్నాడట వాళ్ళమ్మాయితో."

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. భార్య తలుపు తీసి, "చూశారా వదినా?" అని అడిగింది. "లేదమ్మా," అని, అక్క లోపలికెళ్ళి శాలువా మడత పెట్టుకుంది.

ఆ తర్వాత స్టాండులో కరెంటు బాబాయి కారు మాట ఎత్తడం మానేశాడు. ఎవరైనా, "బాబాయ్, నేనూ ఒకటి కొందామనుకుంటున్నా, ఏమంటావు?" అని అడిగితే, "బండి మంచిదేరా," అని ఊరుకునేవాడు. ఆ 'బండి మంచిదే' వెనక ఏదో ఉందని వాళ్ళకి తెలిసేది గానీ, అతని మొహం చూసి ఎవరూ తవ్వేవారు కాదు.

కేబుళ్ళు పోయిన స్టేషను గురించి ఆ కంపెనీ వాళ్ళకి ఫోన్ చేసి చెప్పాడు. మా దృష్టిలో ఉందన్నారు. మళ్ళీ చేశాడు, మళ్ళీ వాళ్ళ దృష్టిలోనే ఉంది. మ్యాపులో చుక్క మాత్రం పచ్చగానే ఉంది. ఫోను తెరిచినప్పుడల్లా ఆ చుక్క కంట్లో నలుసులా గుచ్చుకునేది. ఒక సెలవు రోజున ఇంట్లో చెప్పకుండా బయల్దేరి, అంత దూరం పోయి, పెద్దరోడ్డు మీదనుంచి షోరూముకి తిరిగే మలుపులో ఒక రేకు బోర్డు పాతి వచ్చాడు. "ఇక్కడ మెషిన్లు పనిచెయ్యవు. ఆశపడి రాకండి. ముందుకి వెళ్ళండి." అక్షరాలు వంకరటింకరగా ఉన్నా దూరానికి కనపడేంత పెద్దవి. ఆశపడి అన్న మాట రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి రాశాడు.

అక్క మామూలుగానే ఉండేది. వండేది, పిలిచి పెట్టేది, అతని చొక్కా గుండీ ఊడితే కుట్టేది. అదే అతనికి భరించరానిదైంది. ఒక ఆదివారం మధ్యాహ్నం కిటికీ దగ్గర ఆమె సూదిలో దారం ఎక్కిస్తుంటే, ఎదురుగా నేల మీద కూర్చుని, ఎన్నాళ్ళుగానో దాచుకున్న మాట అడిగేశాడు.

"నా మీద కోపముందా అక్కా? అప్పుడూ నేనే అడ్డం. ఇప్పుడూ నేనే."

అక్క సూది పక్కన పెట్టింది. "కోపం ఉంటే బాగుండేదిరా. ఎవరో ఒకరి మీద పారేసి ఊరుకునేదాన్ని." దారం కొస వేలికి చుట్టుకుంది. "నేనొకటి మాత్రం అనుకుంటూ ఉంటాను. ఆ షెడ్డు కింద బల్ల మీద కూర్చుని నీకు ఆయన గురించి చెప్పాను చూడు. అంతకుముందు ఎవ్వరికీ చెప్పలేదు. నోరారా చెప్పుకున్నాను. నేను చెప్తున్నంతసేపూ ఆయన బతికే ఉన్నాడురా."

అతను కారు తుడవాలని గొణుక్కుంటూ లేచి బయటికి వచ్చాడు. గుడ్డ తీసుకోలేదు, బకెట్టూ తీసుకోలేదు. కారెక్కి, తలుపు వేసుకుని, అద్దాలన్నీ పైకెత్తాడు. లోపల కూర్చుని ఎంత ఏడ్చినా ఇంట్లోకి వినపడదని అతనికి ఆ రోజే తెలిసింది.